ఆ బల్ల మీంచి ఏదీ తీసెయ్యరు

టామ్ స్టాపర్డ్ రాసిన ‘ఆర్కేడియా’ నాటకమంతా ఒకే గదిలో జరుగుతుంది. ఇంగ్లండులో డార్బీషైర్ ప్రాంతంలోని ఒక పెద్దింటి బంగళా అది, పేరు సిడ్లీ పార్క్. తోటలోకి తెరుచుకునే తలుపులు, నడుమ ఒక పెద్ద బల్ల. మొదటి రంగం 1809లో, రెండోది మన రోజుల్లో, మూడోది మళ్ళీ 1809లో. కాలం మారుతుంది కానీ గది మారదు, బల్లా మారదు. పాతకాలం వాళ్ళ పుస్తకాలు అక్కడే ఉంటాయి. వాటి పక్కనే ఈ కాలం వాళ్ళు కాఫీ కప్పు పెడతారు, లాప్‌టాప్ తెరుస్తారు. ఏ కాలం వస్తువైనా బల్ల మీద ఉండిపోవచ్చని రచయితే రంగసూచనలో రాశాడు. నాటకం ముగిసేసరికి దాదాపు రెండు వందల ఏళ్ళ సామాను ఆ బల్ల మీద కలగలిసి ఉంటుంది.

సురభి వాళ్ళ ‘మాయాబజార్’ చూస్తూ పెరిగినవాణ్ణి నేను. రెప్పపాటులో అడవి పోయి రాజసభ ప్రత్యక్షమవుతుంటే పిల్లా పెద్దా చప్పట్లు కొట్టడం ఎరుగుదును. స్టాపర్డ్ చేసిన అద్భుతం దానికి తలకిందులు. రంగస్థలం మీద ఏదీ కదలదు, కాలమే వచ్చి పోతూ ఉంటుంది.

ఆ బల్ల మీది వస్తువుల్లో ఒక్క ఆపిల్ సంగతి చెబుతాను. రెండో రంగంలో, అంటే మన కాలంలో, నోరు విప్పి మాట్లాడని గస్ అనే కుర్రాడు హానా జార్విస్ అనే పరిశోధకురాలికి ఒక ఆపిల్ తెచ్చి ఇస్తాడు. అప్పుడే చెట్టు నుంచి కోసింది, ఆకు కూడా ఉంది. అతనికి ఆవిడంటే ఇష్టం. చెప్పలేడు కాబట్టి పండు ఇచ్చాడు. ఆవిడ దాన్ని బల్ల మీద పెడుతుంది. మూడో రంగంలో మళ్ళీ 1809. సెప్టిమస్ హాడ్జ్ అనే ఇరవై రెండేళ్ళ ఇంటి మాస్టారు అదే ఆపిల్‌లోంచి ముక్క కోసుకుని తింటాడు, ఇంకో ముక్క తన తాబేలుకి పెడతాడు. అతని శిష్యురాలు పదమూడేళ్ళ థామసీనా ఆ ఆకు తీసుకుని, దీని ఆకారానికి సమీకరణం కనిపెడతానంటుంది. వృత్తాలకూ శంకువులకూ సమీకరణాలుంటే ఆకుకి ఎందుకు ఉండకూడదని ఆ పిల్ల వాదన. ప్రేమకానుకగా వచ్చిన పండే గణితానికి మొదలైంది. ఈ ముడిని ఏ పాత్రా నోటితో వివరించదు. ప్రాపర్టీలు చూసుకునే మనిషి సరిగ్గా పెడితే చాలు.

నాటక పోటీలకు న్యాయనిర్ణేతగా కూర్చున్నప్పుడల్లా నాకు ఈ ఆపిల్ గుర్తొస్తుంది. మన దగ్గర సైన్సు మీద నాటకం అనగానే తెల్లకోటు వేసుకున్న పాత్ర ముందుకొచ్చి పదినిమిషాలు ఉపన్యసిస్తుంది. ప్రేమ ఉంటే అది వేరే రంగంలో, వేరే వెలుగులో ఉంటుంది. పాండిత్యం ఉంటే ముసలి తండ్రి పాత్రకి అంటగడతారు. ఈ మూడూ ఒకే పని కాగలవని మన నాటక రచయితలు నమ్మాలని నా కోరిక. నమ్మడానికి ‘ఆర్కేడియా’ కంటే మంచి ఆధారం నాకు దొరకలేదు.

ఈ నాటకం మొదటి ప్రదర్శన 1993 ఏప్రిల్ 13న లండన్ నేషనల్ థియేటర్‌లోని లిటిల్టన్ రంగశాలలో. దర్శకుడు ట్రెవర్ నన్. హానా పాత్ర వేసిన ఫెలిసిటీ కెండల్ మన దేశంలో ఊరూరా షేక్‌స్పియర్ నాటకాలాడిన కుటుంబంలో పెరిగింది. స్టాపర్డ్ చిన్నతనం కూడా కొంత డార్జిలింగ్‌లో గడిచింది. మొదటి రంగంలో సెప్టిమస్ శిష్యురాలిని కాసేపు కుదురుగా కూర్చోబెట్టాలని ఫెర్మా చివరి సిద్ధాంతాన్ని నిరూపించమంటాడు. అప్పటికి దాన్ని ఎవరూ నిరూపించలేదు. నాటకం మొదలైన రెండు నెలలకే, జూన్ 23న, ఆండ్రూ వైల్స్ కేంబ్రిడ్జిలో దాన్ని నిరూపించానని ప్రకటించాడు. అందులో ఒక లోపం బయటపడి, దాన్ని సరిచేసి, చివరికి 1995లో అచ్చయింది. ఆ జూన్‌లో టికెట్టు కొనుక్కుని వెళ్ళినవాళ్ళు ఆ రంగాన్ని ఎలా విని ఉంటారో ఊహించుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది.

థామసీనా సైన్సు పాయసం గిన్నెలో మొదలవుతుంది. బియ్యం పాయసంలో జామ్ వేసి గరిటె తిప్పితే ఎర్రటి చారలు పరుచుకుంటాయి. గరిటె వెనక్కి తిప్పితే చారలు తిరిగి జామ్ ముద్దగా చేరవు, ఇంకా కలిసిపోతాయి. ఎందుకని అడుగుతుందా పిల్ల. న్యూటన్ సమీకరణాలు ముందుకీ వెనక్కీ ఒకేలా నడుస్తాయి, మరి పాయసం ఎందుకు నడవదు? దాదాపు పదిహేడేళ్ళు వచ్చాక, 1812లో, పారిస్ అకాడమీ బహుమతి పొందిన వ్యాసం ఒకటి చదువుతుంది. ఘనపదార్థాల్లో వేడి ఎలా పాకుతుందో చెప్పే వ్యాసం. చరిత్రలో ఆ బహుమతి జోసెఫ్ ఫూరియేది. వేడి ఎప్పుడూ వేడి వస్తువు నుంచి చల్లటి దానికే పోతుంది, తనంతట తాను వెనక్కి రాదు. తోట మార్చడానికొచ్చిన నోక్స్ నడిపే ఆవిరి యంత్రం తిన్నదంతా తిరిగి ఇవ్వదని ఆమె బొమ్మ గీసి చూపిస్తుంది. వేడితో నడిచే యంత్రాల మీద కార్నో పుస్తకం 1824లో వచ్చింది. ఈ వెనక్కి రానితనపు కొలతకి క్లాసియస్ ‘ఎంట్రపీ’ అని పేరు పెట్టింది 1865లో. ఈ పిల్ల వాళ్ళకంటే ముందే ఆ గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

ఆకు సమీకరణం కథ ఇంకోలా నడుస్తుంది. వచ్చిన జవాబునే మళ్ళీ ప్రశ్నగా పెట్టి, ఆ జవాబును మళ్ళీ, మళ్ళీ. ఈ పద్ధతి రుచి తెలియాలంటే కాగితం మీద చేసి చూడాలి. 0.3 తీసుకోండి. ఒకటిలోంచి తీసేస్తే 0.7. రెండూ గుణించి నాలుగుతో హెచ్చవేస్తే 0.84. ఇప్పుడు 0.84తో అదే లెక్క, 0.538 వస్తుంది. మళ్ళీ చేస్తే 0.994. ఈసారి 0.3 బదులు 0.301తో మొదలుపెట్టండి. 0.842, 0.533, 0.996. రెండూ అడుగులో అడుగు వేస్తూ నడుస్తున్నట్టే ఉంటాయి. పదోసారికి మొదటిది 0.04 దగ్గర ఉంటుంది, రెండోది 0.62 దగ్గర. మొదట్లో వెంట్రుకవాసి తేడా, చివరికి ఒకదానికొకటి మొహం తెలియవు. జీవుల సంఖ్య ఏడాదికేడాది ఎగుడుదిగుడుగా మారడం వెనక ఇంత సులువైన లెక్క ఉండొచ్చని రాబర్ట్ మే 1976లో ‘నేచర్’ పత్రికలో చూపించాడు. జేమ్స్ గ్లీక్ 1987లో ‘కేయాస్’ పుస్తకంతో ఆ సంగతులు మామూలు పాఠకుల దాకా తెచ్చాడు. స్టాపర్డ్‌ని ఈ నాటకం వైపు నడిపినవాటిలో ఆ పుస్తకం ఒకటి. నాటకంలో ఈ కాలంలో ఆ ఇంటి అబ్బాయి వాలెంటైన్ చేసే పని కూడా అదే. ఇంటివాళ్ళు తరతరాలుగా వేటాడిన గ్రౌస్ పక్షుల లెక్కలు వేటపుస్తకాల్లో ఉంటే, వాటి వెనక సమీకరణం కోసం లాప్‌టాప్‌తో వెతుకుతుంటాడు. థామసీనా నోటుపుస్తకం చేతికొచ్చినప్పుడు మొదట నమ్మడు. పెన్సిలుతో అంతదూరం పోలేరు కదా అంటాడు.

ఇక పాండిత్యం. నాటకంలో నాకు అన్నిటికంటే దగ్గరి భాగం ఇదే, ఎందుకంటే పాత కాగితాల మీద నాకున్న మోజు ఇంట్లో అందరికీ తెలుసు. బెర్నార్డ్ నైటింగేల్ అనే ఆచార్యుడు ఒక పాత కవితల పుస్తకంలో దొరికిన మూడు ఉత్తరాలు పట్టుకుని సిడ్లీ పార్క్‌కి వస్తాడు. అవి ఆంగ్లకవి బైరన్‌కి రాసినవనీ, బైరన్ ఇక్కడ ఛేటర్ అనే చిన్న కవిని ద్వంద్వయుద్ధంలో చంపి దేశం విడిచిపోయాడనీ సిద్ధాంతం కడతాడు. మనం పాత రంగాల్లో కూర్చుని వచ్చాం. ఆ ఉత్తరాలు సెప్టిమస్‌కి వచ్చినవని మనకు తెలుసు. ఛేటర్ చచ్చిపోయింది తర్వాత, మార్టినీక్ ద్వీపంలో, కోతి కరిచి. ఆ సంగతి ఒక డాలియా పువ్వు చరిత్ర వెతుకుతూ హానా పట్టుకుంటుంది. బైరన్ ఆ ఇంట్లో ఉన్నాడనడానికి వేటపుస్తకంలో ఆధారం దొరుకుతుంది, అతని పేరు మీద ఒక కుందేలు. కానీ పాత రంగంలో ఆ ఇంటి కుర్రాడు ఆ కుందేలు తనదని, బైరన్ తనదని రాయించుకున్నాడని వాపోతాడు. అంటే నికరమైన దస్తావేజులోనూ కొంత అబద్ధం ఉంది.

ఇంకో సంగతి మరీ గుండెకు తగులుతుంది. నోక్స్ కట్టబోయే కుటీరం బొమ్మలో థామసీనా సరదాగా ఒక సన్యాసిని గీస్తుంది. అప్పటికి కుటీరమే లేదు. తర్వాతి కాలంలో హానా ఆ బొమ్మ చూసి, ఇక్కడ నివసించిన సన్యాసి రూపం తెలిపే చిత్రం ఇదొక్కటేనని, ఎవరో తర్వాత గీసి ఉంటారని అనుకుంటుంది. మరో రంగంలో బైరన్ వదిలి వెళ్ళిన ఉత్తరాన్ని సెప్టిమస్ చదవకుండానే దీపం మంటకి అందిస్తాడు. బెర్నార్డ్ లాంటివాళ్ళు జీవితకాలం వెతికే కాగితం మన కళ్ళ ముందే బూడిదవుతుంది.

మనకీ ఇలాంటి గొడవలు కొత్త కాదు. 1909లో మానవల్లి రామకృష్ణకవి తాళపత్రాల్లోంచి నన్నెచోడుని ‘కుమారసంభవము’ వెలికితీసి అచ్చువేసి, ఈ కవి నన్నయకంటే ముందువాడన్నారు. పండితులు పక్షాలుగా చీలి దశాబ్దాలపాటు వాదించుకున్నారు. ఆ వాదాలు చదివితే శాసనాల తేదీలూ ఛందస్సు లెక్కలూ మాత్రమే కనిపించవు. ఒక కవి కాలాన్ని వంద సంవత్సరాలు ముందుకో వెనక్కో జరపడానికి మనుషులు ఎంత తపించారో కనిపిస్తుంది. అంత తపన ప్రేమ లేకుండా రాదు.

‘ఆర్కేడియా’ నుంచి నేను నేర్చుకున్నది ఇక్కడే ఉంది. హానా, వాలెంటైన్ మాటల మధ్యలో ఒక సంగతి బయటికొస్తుంది: ఆ ఇంటి పిల్ల థామసీనా పదిహేడో పుట్టినరోజుకి ముందు రాత్రి మంటల్లో చనిపోయింది. ఎప్పుడో జరిగిపోయిన చరిత్రని చెప్పినట్టే చెబుతారు. పరిశోధకులకి అదొక తేదీ. మనం మాత్రం ఇంకా కాసేపు ఆ పిల్లను చూడబోతున్నాం. చివరి రంగంలో రెండు కాలాలూ ఒకేసారి బల్ల చుట్టూ చేరతాయి. ఈ కాలం వాళ్ళు కూడా వేడుక కోసం పాతకాలం దుస్తులు వేసుకుని ఉంటారు, ఎవరు ఏ కాలం వాళ్ళో పోల్చుకోవడం కష్టమవుతుంది. థామసీనా రాత్రి దుస్తుల్లో దిగివచ్చి వాల్ట్జ్ నేర్పమంటుంది. రేపు నాకు పదిహేడు, ఈ రాత్రే నేర్చుకోవాలి. సెప్టిమస్ ఆమెకు కొవ్వొత్తి వెలిగించి ఇస్తాడు. తన గదికి రమ్మంటుంది. అతను రాలేనంటాడు. ఇద్దరూ నాట్యం చేస్తారు.

పరిశోధన తెచ్చిన ఆ తేదీ మన చేతిలో లేకపోతే, ఇది ఒక ముచ్చటైన నాట్యం, అంతే. పాయసం సంగతి వినకపోయి ఉంటే, తేదీ తెలిసినా అది ఏ కథలోనైనా ఉండే చావు. వేడి వెనక్కి రాదని ఆ పిల్లే మనకు చెప్పింది. ఆ సూత్రం ఇప్పుడు ఆమె చేతిలో కొవ్వొత్తిగా ఉంది. సైన్సు, పాండిత్యం, ప్రేమ మూడూ ఒకే నిమిషంలో మన ఊపిరి పట్టుకుంటాయి. మేం కొందరం కలిసి కూర్చుని ఈ నాటకం పైకి చదువుకున్నప్పుడు ఒక అమ్మాయి ఆ రంగాన్ని గొంతు వణికిస్తూ చదివింది. వద్దన్నాను. ఆ వేషం వేసే పిల్ల సంతోషంగా ఉండాలి, కొంచెం తొందరలో ఉండాలి. ఆమెకు ఏమీ తెలియదు. తెలిసింది ప్రేక్షకుడికి, వాడి పని వాడికి వదిలెయ్యాలి.

సెప్టిమస్ తర్వాత ఏమయ్యాడన్నది మాతో చదివిన కుర్రాళ్ళ మధ్య పెద్ద వాదం. ఆ కుటీరంలో సన్యాసి అతనే. 1834లో నలభై ఏడేళ్ళకి పోయేదాకా, తాబేలుని తోడు పెట్టుకుని, వేల కాగితాల మీద లెక్కలు వేస్తూ బతికాడు. ఊరు పిచ్చివాడంది, కాగితాలు తగలబెట్టింది. మా వాళ్ళలో ఒకడు అది పశ్చాత్తాపం అన్నాడు, ఇంకొకడు మతిభ్రమణం అన్నాడు. నేను ఆ రెండూ ఒప్పుకోను. థామసీనా పద్ధతి సరైనదని చేత్తో లెక్క చేసి చూపించాలనుకున్నాడు. ఒక మనిషి జీవితకాలం చాలదు. వాలెంటైన్ యంత్రం ఆమె లెక్కని లక్షలసార్లు తిప్పితే దాని బొమ్మ తెర మీద వస్తుంది. శిష్యురాలి లెక్కని ఒక గురువు ఇరవై రెండేళ్ళు కొనసాగించాడు. అంతకంటే పెద్ద ప్రేమలేఖ నేను ఏ నాటకంలోనూ చూడలేదు.

దీన్ని తెలుగులో ఎవరైనా వెయ్యాలి. డార్బీషైర్‌ని కోనసీమకి మార్చొద్దు, బైరన్ బదులు మన కవిని పెట్టొద్దు. మన ప్రేక్షకుడు ఆ ఊరు వెళ్ళగలడు. పరిషత్తు పోటీల నిడివికి దీన్ని కోయడం కుదరదు, ఒక సాయంత్రం మొత్తం ఇవ్వాలి. సెట్టు ఖర్చు తక్కువే, ఒక్క గది, ఒక్క బల్ల. నటులకి మాత్రం మొదటి రోజు నుంచే పక్కన ఒక లెక్కల మాస్టారు కావాలి. థామసీనా వేసే అమ్మాయి 0.3తో, 0.301తో పది మెట్లూ తన పెన్సిలుతో చేసి ఉండాలి. మొదటి రిహార్సల్‌కి డైలాగుల కాగితాలతో పాటు తెల్లకాగితాలు, పెన్సిళ్ళు కూడా పంచండి.