నీటికాకులకు కొలతబద్ద చాలునా?

సలీం అలీ రచించిన 'ద బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్' 1941లో తొలిసారి వెలువడినది. పిచ్చుక, గోరువంక, కాకి, గ్రద్ద, బాతు వంటి పరిచితమైన పక్షులను కొలతబద్దగా గ్రహించి, క్రొత్త పక్షి వానికంటె పెద్దదో చిన్నదో చెప్పుట ఆ గ్రంథపు పద్ధతి. మన విద్యార్థికి అంగుళముల లెక్కకంటె ఇది ఎంతో మేలు. అయినను నీటికాకుల దగ్గర ఈ బద్ద ఒక్కటే చాలదు.

కారణము సులభముగా తెలియును. నీటికాకి ఈదునపుడు దేహము మునిగి, మెడయు తలయు మాత్రమే పైకి కనబడును. గుంజపై ఒంటరిగా కూర్చున్నపుడు పోల్చిచూచుటకు ప్రక్కన మరొక పక్షి ఉండదు. పైగా మన దేశమున మూడు జాతులు కలవు, మూడును నల్లనివే. తెలుగులో అన్నిటికి ఒకే పేరు. (లాటిను వారును దీనిని 'సముద్రపు కాకి' అనియే పిలిచిరి. కాకులతో దీనికి చుట్టరికము లేదు.)

కనుక మొదట చూడవలసినది తల. చిన్న నీటికాకికి ముక్కు కురుచ, తల గుండ్రన, తోక పొడవు. పొడవు సుమారు 50 సెంటీమీటర్లు. చెరువులలో ఎక్కువగా కనబడునది ఇదియే. రెండవది సుమారు 63 సెంటీమీటర్లు. దాని ముక్కు సన్నము, పొడవు. కన్ను నీలి పచ్చన. పెద్ద నీటికాకికి ముక్కు లావు, గొంతువద్ద పసుపుపచ్చని చర్మము, దానిని ఆనుకొని తెలుపు. గుడ్లు పెట్టు కాలమున తొడపై తెల్లని మచ్చ ఏర్పడును. అయితే 'గొంతు తెలుపు' అను ఒక్క గుర్తును నమ్మిన విద్యార్థి మోసపోవును: ఆ కాలము గడచిన పిదప చిన్నదాని గొంతును తెల్లబడును.

రెక్కలు చాచి ఆరబెట్టుకొను బొమ్మనే పుస్తకములు తరచుగా ముద్రించును. చూడ ముచ్చటయే గాని, పాముమెడ పక్షియు అట్లే ఆరబెట్టుకొనును. ఈ రెంటిని వేరు చేయునది ముక్కు. నీటికాకి ముక్కు కొన కొక్కెమువలె వంగియుండును. అది చేపను పట్టుకొనును. పాముమెడ పక్షి ముక్కు కదురువలె తిన్నన. అది చేపను పొడుచును.

ఈ భేదములు ఏలయనగా, 1987 నుండి ఏటేటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుచున్నది. కొల్లేటివద్ద ఎవరైనను 'నీటికాకులు: 200' అని వ్రాసినచో, మూడు జాతులలో ఒకటి తగ్గిపోవుచున్నను ఆ అంకెలో కనబడదు. తల స్పష్టముగా కనబడని పక్షిని 'నీటికాకి, జాతి తెలియదు' అని వేరు గడిలో వ్రాయవచ్చును. ఏ పుస్తకమైనను ఆ మాటను మొదటి పుటలోనే చెప్పియుండవలసినది.