పద్యపాఠంలో వీడియో: డిజిటల్ పాఠ్యసామగ్రిపై విమర్శనాత్మక పరిశీలన

1. ఉపోద్ఘాతం

పద్యం ప్రధానంగా శ్రవ్యం. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు అనే ఛందోనియమం కాలానికి సంబంధించినది. ముద్రిత పుటలో అక్షరం కనిపిస్తుంది గాని కాలం వినిపించదు. ఈ లోటును పూరించే సాధనంగా వీడియో పాఠ్యసామగ్రిలో చోటు సంపాదించుకుంది. 2017లో ప్రారంభమైన 'దీక్ష' వేదిక, పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్‌లు ఇందుకు మార్గం సుగమం చేశాయి. అయితే పద్యం పక్కన ఏదో ఒక వీడియోను చేర్చినంత మాత్రాన పద్యబోధన మెరుగుపడుతుందా అన్నది విచారించదగిన ప్రశ్న.

2. గానం - పఠనం

తిరుపతి వేంకటకవుల పాండవ నాటక పద్యాలు రంగస్థల గానం ద్వారా జనంలోకి వెళ్లాయి. ఆ గానం రసానుభూతికి దోహదం చేస్తుంది. ఛందోబోధనకు మాత్రం అది చాలదు. రాగాలాపనలో గాయకుడు లఘువు మీద కూడా దీర్ఘంగా నిలుస్తాడు. ఉత్పలమాల పాదంలో భ-ర-న-భ-భ-ర-వ గణాలతో 20 అక్షరాలు ఏర్పరచే నడక ఆ ఆలాపనలో మరుగున పడుతుంది. అందువల్ల గానాన్ని మాత్రమే విన్న విద్యార్థికి రాగం పట్టుబడుతుంది, గణం పట్టుబడదు.

3. యతి విషయంలో పొరపాటు

సంస్కృత ఛందస్సులో యతి విరామస్థానం. తెలుగులో అది ప్రధానంగా అక్షరమైత్రి. ఉత్పలమాలలో 10వ అక్షరానికి, చంపకమాలలో 11వ అక్షరానికి పాదాద్యక్షరంతో మైత్రి కుదరాలి. ఆ అక్షరం పదం మధ్యలోనూ పడవచ్చు. అక్కడ ఆగి చదివితే పదం విరిగి అన్వయం చెడుతుంది. యతి అంటే ఆగడమే అన్న అపోహ కూడా బలపడుతుంది. స్వరం ఆగకుండానే తెరపై ఆ రెండు అక్షరాలను వేరే రంగులో చూపగల సౌలభ్యం వీడియోకు ఉంది. ముద్రిత గ్రంథానికి సాధ్యంకాని ఈ పనిలోనే దాని అసలైన ప్రయోజనం ఉంది.

4. తెరపై అక్షరం, నిడివి

చిత్రం, మౌఖిక వ్యాఖ్యానం రెండూ ఉన్నచోట అదే వ్యాఖ్యానాన్ని తెరపై అక్షరాలుగా కూడా చూపితే అభ్యాసకుని గ్రహణశక్తిపై భారం పెరుగుతుందని రిచర్డ్ మేయర్ ప్రతిపాదించారు. ఈ సూత్రాన్ని పద్యపాఠానికి యథాతథంగా అన్వయించడం తగదు. ఇక్కడ అక్షరమే అధ్యయనవస్తువు కాబట్టి పద్యపాదం తెరపై ఉండితీరాలి. తాత్పర్య వివరణకు మాత్రం ఆ సూత్రం వర్తిస్తుంది. వినికిడి లోపం ఉన్నవారికి ఆ వివరణ కూడా అక్షరరూపంలో అవసరమే. కనుక ఉపశీర్షికలను కోరినప్పుడు కనిపించేలా అమర్చడం ఉచితం. నిడివి విషయానికి వస్తే, ఆరు నిమిషాల లోపు వీడియోలే అభ్యాసకులను ఎక్కువగా నిలుపుకొంటున్నాయని ఎడ్‌ఎక్స్ పాఠాలపై 2014లో వెలువడిన అధ్యయనం తెలిపింది. ఒక పద్యానికి ఒక చిన్న వీడియో అన్న పద్ధతి దీనికి అనుగుణంగా ఉంటుంది.

5. ముగింపు

గణవిభజన తెలిపే పఠనం, అన్వయానుసారమైన పఠనం, రాగయుక్త గానం - ఈ మూడింటినీ ఇదే వరుసలో, సంబంధిత వివరణ పక్కనే పొందుపరచడం సముచితం. ఇంటర్నెట్ అందనప్పుడూ పాఠం నిలిచేలా గురులఘు చిహ్నాలు, పదవిభాగం పుటలోనే ఉండాలి. విన్న పద్యాన్ని అనుకరించడం తొలిమెట్టు మాత్రమే. ఎన్నడూ వినని పద్యాన్ని విద్యార్థి తనంత తాను చదవగలిగినప్పుడే వీడియో తన పని నెరవేర్చినట్టు.