గెయిన్ తగ్గించాక

ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు వైపు నుంచి కరీంనగర్ దాకా వచ్చిన పత్తి రైతు ఆయన. అరవై దాటి ఉంటాయి. చొక్కా విప్పించి, ఎడమ పక్కకు తిరిగి పడుకోమన్నాను. చల్లటి జెల్లీ తగలగానే ఉలిక్కిపడ్డాడు. లైటు ఆర్పి ప్రోబు పెడితే తెర మీద గుండె కనపడింది. తక్కిన గోడలు బాగానే కొట్టుకుంటున్నాయి. కొస దగ్గర ముందు గోడ మాత్రం పలచబడి, తెల్లబడి, కదలకుండా ఉంది.

"పోయినేడు ఎప్పుడన్న ఛాతిల నొప్పి లేసిందా కాకా?"

"పత్తి ఏరేటప్పుడు ఒకపాలి మంట లేసింది సారూ. గ్యాసనుకొని సోడా తాగి పండుకున్న. తెల్లారి మల్ల చేనుకు పోయిన."

గ్యాస్! మా వైపు గుండెపోటుకు అందరూ పెట్టుకున్న ముద్దుపేరు అదే.

గుండె కండ ఒకసారి చచ్చిపోతే మళ్లీ పుట్టడం దాదాపు ఉండదు. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ఆ చోటు కొలాజెన్ అనే నారతో గట్టిపడుతుంది. చిరిగిన చొక్కాకు వేసిన మాసిక లాంటిదే ఈ మచ్చ. చిల్లు పూడుస్తుంది గానీ సాగదు, ముడుచుకోదు. కొలాజెన్ శబ్ద తరంగాలను గట్టిగా తిప్పికొడుతుంది కాబట్టి టూడీ ఎకోలో తెల్లగా కనిపిస్తుంది. మామూలుగా 6 నుంచి 10 మిల్లీమీటర్లుండే గోడ 6 కన్నా తక్కువకు దిగుతుంది.

ఇంతేనా అంటే, నేనూ మొదట్లో ఇంతే అనుకున్నాను. తెల్లగా కనిపిస్తే చాలు 'మచ్చ' అని రిపోర్టులో రాసేసేవాణ్ని. అలా రాయించుకున్న ఒకామె ఎమ్మారై చేయించుకుని వచ్చింది. మచ్చ లేదు. నా రికార్డింగ్ మళ్లీ వేసి చూసుకుంటే గెయిన్, అంటే తెర మీద ప్రతిధ్వనుల మెరుపును పెంచే మీట, బాగా పెంచి ఉంది. గెయిన్ పెంచితే ఎవరి గుండెయినా తెల్లబడుతుంది. ఆ రోజు నుంచి ముందు గెయిన్ తగ్గిస్తాను. చుట్టూ ఉన్న కండంతా నల్లబడ్డాక కూడా ఏది మెరుస్తూ మిగిలిందో చూస్తాను. గుండె మీది పొర, పెరికార్డియం, ఎప్పుడూ తెల్లనిదే. దాని పక్కన పెట్టి పోల్చుకుంటే తేడా తెలుస్తుంది.

మంచి కండను నల్లబరచి మచ్చను మిగిల్చే ఈ పనినే ఇటలీలోని పార్మాలో గైబాజీ బృందం యంత్రం చేత చేయించింది. ఒకదానికొకటి తలకిందులుగా ఉండే తరంగాలను పంపితే, మంచి కండ నుంచి వచ్చే ప్రతిధ్వనులు చాలావరకు చెల్లుకు చెల్లయి పోతాయి. మచ్చ వెలుగుతూ మిగులుతుంది. 1953లో స్వీడన్‌లోని లుండ్‌లో ఎడ్లర్, హెర్ట్జ్ మొదటిసారి గుండె ప్రతిధ్వనులు పట్టింది కూడా లోహంలో పగుళ్లు వెతికే యంత్రంతోనే. ఆ పగుళ్ల వేట ఇంకా సాగుతూనే ఉందన్నమాట.

పలచబడిన గోడంతా చచ్చిందనుకోవడమూ పొరపాటే. 2013లో జామా పత్రికలో వచ్చిన అధ్యయనంలో, గోడ పలచబడ్డ వాళ్లలో నూటికి 18 మందికి ఎమ్మారైలో మచ్చ కొద్దిగానే కనిపించింది. రక్తం మళ్లీ అందాక అలాంటి గోడలు తేరుకున్నాయి కూడా. అందుకే అనుమానం ఉంటే గుండెను గట్టిగా కొట్టించే డోబుటమైన్ అనే మందును కొద్ది మోతాదులో ఎక్కిస్తూ చూస్తాం. నిద్రపోతున్న కండయితే కదులుతుంది, చచ్చినదైతే కదలదు. గాడోలినియం ఎక్కించి తీసే ఎమ్మారై ఇంతకన్నా కచ్చితం, కాదనను. కానీ ఆదిలాబాద్‌లో 2008 నుంచి రిమ్స్ ఆసుపత్రి ఉన్నా, పెద్ద పరీక్ష అనగానే అక్కడి వాళ్లు చాలామంది నాగ్‌పూర్ బస్సెక్కుతారు. హైదరాబాద్ కన్నా అదే దగ్గర. ఊరి మనిషికి ముందు అందేది ఎకోనే. కాబట్టి ఎకో చేసేవాడి చెయ్యే సరిగ్గా ఉండాలి.

ఆ రైతు గుండెలో మెరుపు, గెయిన్ తగ్గించాక కూడా పోలేదు. డోబుటమైన్‌కూ గోడ కదల్లేదు. పంపింగ్ 38 శాతం. పాత ఈసీజీ ఏదైనా ఉందా అని అడిగితే కొడుకు సంచిలోంచి జాగ్రత్తగా తీసిచ్చాడు. మంట లేచిన నాలుగు రోజులకు ఊళ్లో తీయించారట. ఖరాబు కావద్దని లామినేషన్ చేయించాడు. కాగితమంతా నల్లగా మాడిపోయి ఉంది, ఒక్క గీతా కనపడలేదు.

ఈసీజీ కాగితం వేడికి నల్లబడుతుంది, ఏళ్లు గడిస్తే వెలిసిపోతుంది. లామినేషన్ చేయించకండి. తీసిన రోజే జిరాక్స్ తీయించి, తేదీ వేసి దాచుకోండి.