ఖాళీ కావడానికే కట్టిన కంచె

గోదావరి డెల్టాలో మనిషి చేత్తో చేసిన అందమైన పనులు ఎన్నో ఉన్నాయి. వాటిలో నా మనసును పట్టుకుని వదలనిది ఇసుకలో మూరెడు లోతున తవ్విన ఒక గుంట. మెడ సన్నగా, అడుగు వెడల్పుగా, అచ్చం కూజాలా ఉంటుంది. కాకినాడకు ఎదురుగా హోప్ ఐలాండ్ మీద, వశిష్ఠ పాయ సముద్రంలో కలిసే సఖినేటిపల్లి తీరంలో అటవీశాఖ వేసే వల కంచెల లోపల ఇలాంటి గుంటలు వరసగా ఉంటాయి. ఆలివ్ రిడ్లే తాబేళ్ల గుడ్లను కాపాడే హేచరీలవి. బయటి నుంచి చూస్తే కనిపించేది చాలా తక్కువ. పాతిన కర్రలు, చుట్టూ వల, లోపల ఇసుక, ఇసుకలో గుచ్చిన పుల్లలు, వాటికి తేదీ, గుడ్ల లెక్క రాసిన చీటీలు. ఇంత బీదగా కనిపించే చోట రసం ఎక్కడుందో చెప్పాలని నా తాపత్రయం.

ఆ గుంటకు మూలరూపం తల్లి తాబేలుది. జనవరి నుంచి మార్చి దాకా, ఎక్కువగా రాత్రిపూట, అది అల దాటి ఒడ్డుకెక్కుతుంది. సముద్ర తాబేళ్లలో అతి చిన్న జాతుల్లో ఒకటైనా దాని బరువు 35 కిలోల పైమాటే. నీళ్లలో ఎగిరినట్టు ఈదే ఒళ్లు నేల మీద అడుగడుగునా బరువవుతుంది. కుడి రెక్క, ఎడమ రెక్క ఒకదాని తర్వాత ఒకటి వేస్తుంది గనక దాని జాడ ఇసుక మీద వంకరలు తిరిగిన జడలా పడుతుంది. అల అందని మెట్ట చేరాక వెనక కాళ్లతో తవ్వడం మొదలుపెడుతుంది. ఒక కాలు ఇసుకను దోసిలిపట్టి పక్కన పోస్తే, రెండో కాలు అంచున రాలిన ఇసుకను దూరంగా విసురుతుంది. మళ్లీ రెండోది లోపలికి, మొదటిది బయటికి. తొందర లేదు, తప్పటడుగు లేదు. కాలు అందినంత లోతే గుంట లోతు. తల సముద్రానికో సరుగుడు తోపుకో తిరిగి ఉంటుంది; తాను మలిచే గుంటను అది ఒక్కసారీ చూడదు. చూడకుండానే అడుగును వెడల్పు చేసి, మెడను ఇరుకుగా ఉంచి, నూరు గుడ్లకు అటూ ఇటూగా అందులోకి జార్చి, ఇసుకతో పూడ్చి, ఒళ్లంతా అటూ ఇటూ ఊపి నేలను దిమ్మిస చేస్తుంది. కళ్లవెంట కారే నీరు ఒంట్లోని ఉప్పును బయటికి పంపే గ్రంథులదని తెలిసినా గుండె కరగక మానదు. పని అయ్యాక వెనక్కి తిరిగి చూడకుండా నీళ్లలోకి పోతుంది. తన పేరు రాసుకోని శిల్పి!

ఇప్పుడు ఆ శిల్పానికి నకలు తీసే మనిషి దగ్గరికి వద్దాం. గుడ్లు పెట్టిన చోటు క్షేమమైతే వాటిని అక్కడే వదిలేయడం అన్నిటికన్నా మేలు. కుక్కలు, నక్కలు తవ్వేస్తాయనో, పోటు నీళ్లు ముంచేస్తాయనో అనుమానం ఉన్నప్పుడే తరలించాలి. దానికీ గడువుంది. గుడ్డు పడిన కొన్ని గంటల్లోనే లోపలి పిండం పెంకు పైభాగానికి అంటుకుంటుంది. ఆ తర్వాత గుడ్డును తిప్పితే ప్రాణం పోతుంది. అందుకే రాత్రి గస్తీ తిరిగే మత్స్యకారులు జాడ కనబడగానే గుడ్లను కుదుపు లేకుండా, పైది పైనే ఉండేట్టు పట్టుకొస్తారు. కంచెలో ఒకరు బోర్లా పడుకుని, భుజం దాకా చెయ్యి దించి కొత్త గుంట తవ్వుతారు. తల్లి కాలు ఎంత లోతుకు అందిందో అంతే లోతు, ఆమె ఎక్కడ వెడల్పు చేసిందో అక్కడే వెడల్పు. కప్పేటప్పుడు తడి ఇసుక ముందు, పొడి ఇసుక తర్వాత. సొంత తెలివి చూపించే చోటు ఎక్కడా లేదు. 11వ శతాబ్దపు కాశ్మీరంలో క్షేమేంద్రుడు కావ్యానికి ఔచిత్యమే జీవమని వాదించాడు. ఆ మాటకు లక్ష్యం చూపమంటే నేను ప్రబంధాల దాకా పోను, ఈ మనిషి భుజాన్ని చూపిస్తాను. అనుకరణలో ఇంత వినయం ఉన్న కళ మరొకటి నాకు తెలియదు.

ఆ ఇసుక సంగతీ చెప్పాలి. త్ర్యంబకం దగ్గర బ్రహ్మగిరిలో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచి, పాపికొండల ఇరుకులోంచి బయటపడి గోదావరి తెచ్చి పోసిన మట్టీ ఇసుకే ఈ తీరం. హోప్ ఐలాండ్ కూడా అలా పేరుకున్న ఇసుక నాలుకే. ఆ ఇసుక వేడి గుడ్డులోని జీవం ఆడదో మగదో తేలుస్తుంది. 29, 30 డిగ్రీల ప్రాంతంలో రెండూ కలిసి పుడతాయి. అంతకు చల్లబడితే మగవి, వేడెక్కితే ఆడవి ఎక్కువ. కంచె మీద కాస్త నీడ పరచడం, తీసేయడం తప్ప మనిషి చేయగలిగింది పెద్దగా లేదు. ఆ నీడలో ఒక తరం కూర్పే ఉంది. 45 నుంచి 60 రోజుల పాటు పైన ఏ కదలికా కనబడదు. చీటీ మీది తేదీ ఒక్కటే లోపలి కథకు సూచన. ఆనందవర్ధనుడు చెప్పిన ధ్వని, పైకి అనకుండానే స్ఫురించే అర్థం, నాకు ఇక్కడ ఇసుకలో వినిపిస్తుంది.

తర్వాత ఉద్గమం. పిల్లలు ముక్కు మీది చిన్న కొమ్ముతో పెంకు చీల్చుకుంటాయి. ఒక్కటీ ఒంటరిగా పైకి రాదు. పైవి కప్పును గీరితే ఇసుక రాలి కిందికి పోతుంది, కిందివి దాన్ని తొక్కి ఎత్తు చేస్తాయి. అలా కొన్ని రోజులు గది మొత్తం మెల్లగా పైకి లేస్తుంది. ఇసుక చల్లబడ్డ రాత్రి అందరూ ఒక్కసారిగా ఉబికి వస్తారు. (తాబేలు పిల్లల్ని ‘వస్తారు’ అనడం తప్పైతే తప్పే!) నాలుగు సెంటీమీటర్ల నల్లని ఒళ్లు, అరచేతిలో పట్టు దొరకని ఆత్రం. ఆ గడియలో మనిషి చెయ్యి ఆగిపోవాలి. నీటి అంచున వదిలేయడం దయలా కనిపిస్తుంది గాని ఆ నాలుగు బారల ఇసుకను పాకే హక్కు పిల్లదే. అది వెలుతురున్న ఆకాశపు అంచును చూసి నడుస్తుంది, నీళ్లలో దిగాక అలకు ఎదురీదుతుంది, ఆపైన భూమి అయస్కాంత శక్తిని పట్టుకుని దిక్కు తెలుసుకుంటుంది. కడుపులో మిగిలిన సొన ఆ మొదటి రోజుల ఈతకు కూడు. ఒడ్డున ఒక్క టార్చి వెలిగినా దారి తప్పుతుంది.

జీవాలను ఆరుబయట ఆవరణల్లో పెంచే కళ మనకు కొత్తది కాదు. శ్రీకూర్మం గుడిలో నక్షత్ర తాబేళ్లు భక్తుల మధ్య తిరిగాయి. ఐరోపాలో ఎండ పడే రాతిగోడలు పేర్చి బల్లులనూ హెర్మన్ తాబేళ్లనూ పెరట్లో తరతరాలుగా పెంచేవాళ్లున్నారు. వాళ్ల ఓపిక నాకు ఇష్టం. 1977లో శిలాజంగా లోకానికి పరిచయమై, ఆ తర్వాత కొద్దికాలానికే ప్రాణాలతో దొరికిన మయోర్కా ద్వీపపు కప్పను జెర్సీ జంతుప్రదర్శనశాలలో పెంచి మళ్లీ దాని లోయలకే పంపారు. ఆ పనికే నా కంచె దగ్గరి చుట్టం. పెంచినవాడి దగ్గర ఏదీ మిగలకూడదు.

ఇంత అందానికి పక్కనే కరుణ రసం ఉంది, దాన్ని దాటవేయడం నా వల్ల కాదు. తల్లులు ఒడ్డుకొచ్చే నెలల్లోనే మర పడవల వలలు సముద్రాన్ని జల్లెడ పడతాయి. తాబేలు ఊపిరి పీల్చడానికి పైకి రావాలి. వలలో చిక్కితే మునిగి చస్తుంది. తాబేలు బయటపడే దారి ఉన్న వలలున్నాయి, వాడేవాళ్లు తక్కువ. వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14 దాకా ఉంటుంది, అప్పటికి తల్లుల రాక దాదాపు ముగుస్తుంది. పిల్లల్లో చాలామందికి ఆ విరామం దక్కుతుంది, వాటిని కన్నవాటికి దక్కదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ జీవానికి పులితో సమానమైన రక్షణ ఇచ్చింది. ఒడ్డున ఉబ్బిన తల్లిని చూసినవాళ్లకు ఆ అక్షరాలు చాలవు. దారి ఉన్న వల ప్రతి మర పడవలోనూ ఉండాలి, ఈ సీజనుకే ఉండాలి.

పిల్లలు వెళ్లిపోయాక కంచెలో ఇంకో పని ఉంది. ఒక్కొక్క గుంటనూ తిరిగి తవ్వి, చీలిన పెంకులెన్ని, పొదగని గుడ్లెన్ని, దారి తెలియక అడుగున చిక్కుకున్న పిల్లలెన్ని అని లెక్కపెట్టి పుస్తకంలో రాస్తారు. చిక్కినవాటిని వదులుతారు. కుళ్లిన సొన ఇసుకలో మిగిలితే బూజు పడుతుంది కాబట్టి పాత ఇసుకలో మళ్లీ గుడ్లు పెట్టకూడదు. వచ్చే జనవరికి కర్రలు పీకి, కొత్త ఇసుక చూసుకుని, కంచె ఇంకోచోట పాతాలి.