బొబ్బిలి వీణకు నునుపు పట్టే పని

విజయనగరం జిల్లా బొబ్బిలి పక్కనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి ఇంటిపేరు గల కుటుంబాలు తరతరాలుగా వీణలు చేస్తున్నాయి. పనస మానులోంచి కుండ, దండి, యాళి ముఖం మూడూ కలిపి ఒకే ముక్కగా తొలిచేది ఏకాండి వీణ. బొబ్బిలికి పేరు తెచ్చిందీ, భౌగోళిక గుర్తింపు తెచ్చిపెట్టిందీ ఆ పనితనమే. అతుకు లేకుండా తొలిచే నేర్పును చూసినవాళ్లంతా మెచ్చుకుంటారు. ఆ తరువాత ఓపిగ్గా సాగే అరగదీత, మెరుగు పని మాత్రం ఎవరి కంటా పెద్దగా పడదు. వీణ పలికే తీరులో, చేతికి అమరే తీరులో దాని వాటా చిన్నది కాదు.

కోసిన కొత్తలో పనస చేవ పసుపు పచ్చగా ఉంటుంది. బర్మా, థాయిలాండ్ దేశాల్లో బౌద్ధ భిక్షువుల వస్త్రాలకు సంప్రదాయంగా ఈ చేవ ముక్కలతో రంగు అద్దేవారు. గాలీ వెలుతురూ తగిలేకొద్దీ ఆ పసుపు గోధుమ రంగులోకి ముదురుతుంది. కర్ర బాగా ఆరాకే పనికి దిగాలి. పచ్చి కర్రకు ఎంత మెరుగు పెట్టినా, లోపలి తడి పోయేకొద్దీ కర్ర ముడుచుకుని పగుళ్లు తేలతాయి.

బాడిశ, ఉలి వదిలిన గాట్లను మొదట ఆకురాయితో సరిచేయాలి. ఆ తరువాత ఉప్పుకాగితం వంతు. 80 నంబరు కాగితంతో మొదలుపెట్టి 120, 220, 320 వరకు వెళ్తారు. ఒక్కో కాగితం పని అంతకు ముందుదాని గీతలను పూర్తిగా తుడిచెయ్యడం. తొందరపడి 80 నుంచి 320కి దూకితే చెక్క పైకి నున్నగానే కనిపిస్తుంది. పైన లక్క మెరుగు పడిన మరుక్షణం పాత గీతలన్నీ బయటపడతాయి. రుద్దడం ఎప్పుడూ నార వెంబడే సాగాలి. అడ్డంగా పడిన గీత ఒక పట్టాన పోదు. బల్లచెక్క అయితే ఈ నియమం పాటించడం తేలికే. కుండ గుండ్రంగా ఉంటుంది కాబట్టి నార దిశ అడుగడుక్కీ మారుతుంది, చెయ్యి కూడా దానితోపాటు తిరగాలి. కుండ రెండు కొసల్లో నార తెగి నిలువుగా ఉంటుంది. అక్కడ చెక్క మెరుగును ఎక్కువగా పీల్చుకుని నల్లబారుతుంది కనుక, మిగతా చోట్లకన్నా సన్న కాగితంతో మరికాసేపు రుద్దాలి. చివరి దఫాకు ముందు తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే, అణిగి ఉన్న సన్నని నారలు లేచి నిలబడతాయి. ఆరాక వాటిని తీసేస్తే తరువాత తేమ తగిలినా చెక్క గరుకెక్కదు. నునుపు కుదిరిందో లేదో తెలుసుకోవడానికి దీపాన్ని ఏటవాలుగా పట్టి చూడవచ్చు. కళ్లు మూసుకుని వేలికొసతో తడిమితే ఇంకా బాగా తెలుస్తుంది.

ఈ క్రమం కర్రకే పరిమితం కాదు. చేతితో చేసే ఖరీదైన కత్తుల పిడులకు ఇప్పుడు కార్బన్ ఫైబర్ వాడుతున్నారు. అక్కడా ముతక నుంచి సన్నానికి మెట్టు మెట్టుగానే వెళ్తారు. ఆ ధూళి ఒంటికి దురద పెడుతుంది, ఊపిరితిత్తులకు మంచిది కాదు. అందుకని నీళ్లలో తడిపిన కాగితంతో రుద్దుతారు, ముక్కుకు మాస్కు కట్టుకుంటారు. వీణకు ఆనించే సొరబుర్రను కూడా ఈమధ్య గాజు ఫైబరుతో చేస్తున్నారు కాబట్టి ఆ జాగ్రత్తలు వీణ పనివారికీ వర్తిస్తాయి.

కుండ మీద మూసే పలక దగ్గర లెక్క మారుతుంది. తీగల కదలికకు స్పందించి మోగాల్సింది ఆ పలకే. దాని మీద మెరుగు మందంగా పేరుకుంటే నాదం మూగబోతుంది. స్పిరిట్‌లో కరిగించిన లక్కను గుడ్డ ఉండతో పల్చగా పూసి, ఆరనిచ్చి, మళ్లీ పల్చగా పూయడం అందుకే మంచి పద్ధతి. బిరడాల కాడలకైతే అసలు మెరుగు పెట్టకూడదు. అవి రంధ్రంలో ఒరుసుకుని బిగిసి నిలవాలి, నున్నబడితే జారి శ్రుతి దిగిపోతుంది. సుద్దపొడి రాసి తిప్పి చూస్తే ఎక్కడ ఒరుసుకుంటోందో, ఎక్కడ వదులుందో తెలుస్తుంది.

ఏడు తీగల్లో వాయించే నాలుగూ దాటే గుర్రం మీద ఇత్తడి రేకు ఉంటుంది. అరగదీతలో అన్నిటికన్నా సున్నితమైన పని దానిదే. రేకు బల్లపరుపుగా ఉండకూడదు, కంటికి ఆననంత వంపు తిరిగి ఉండాలి. తీగ ఆ వంపును తాకుతూ వదులుతూ కంపించడం వల్లే వీణ స్వరానికి ఆ నిండుతనం. విశాఖపట్నంలో చదువుకుంటూ పెరిగిన భౌతిక శాస్త్రవేత్త సి.వి. రామన్ 1921లో భారతీయ తంత్రీవాద్యాల మీద రాసిన పత్రంలో ఈ సంగతే పరిశీలించారు. తీగను ఒక చోట మీటితే, ఆ చోట కదలిక లేని అనుస్వరాలు పుట్టవని పాశ్చాత్య సిద్ధాంతం. వీణలోనూ తంబూరాలోనూ అవి కూడా వినిపిస్తాయనీ, దానికి వెడల్పాటి వంపు గుర్రమే కారణమనీ ఆయన చూపారు. రేకు మీద ఆకురాయి రెండుసార్లు ఎక్కువ తిరిగితే తీగ బురబురలాడుతుంది, తక్కువైతే స్వరం పొట్టిగా తెగిపోతుంది. పనివాడు కొంచెం అరగదీసి, మీటి విని, మళ్లీ అరగదీస్తాడు.

మేళం కట్టడం, అంటే దండి మీద మెట్లు అమర్చడం కూడా చెవితో చేసే పనే. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి దండి మీద రెండు గట్లుగా పోస్తారు, వెచ్చగా ఉండగా 24 మెట్లూ వాటిలో నిలబెడతారు. స్వరం సరిపోయేదాకా ఒక్కో మెట్టును వెంట్రుకవాసి జరపాలి. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల వెలసి, ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి ప్రధానాచార్యులైన ప్రాంతమిది. మేళంలో తేడా ఉంటే పట్టుకునే చెవులకు ఇక్కడ కొదవ లేదు.

అంచుల అలంకారానికి పూర్వం దుప్పికొమ్ము వాడేవారు, ఇప్పుడు తెల్ల ప్లాస్టిక్ రేకు వచ్చింది. చెక్కిన గీతల్లో నలుపు నింపి, పైన మిగిలినదాన్ని గీకేసి చదును చేస్తారు.

వాడకంలో తీగల కింద మెట్లు గాడిపడతాయి, ఎండలకు మైనం మెత్తబడి మెట్లు కదులుతాయి. అప్పుడు మెట్లను అరగదీసి మేళం మళ్లీ కట్టించుకోవాలి. లక్క మెరుగుకు మరమ్మతు తేలిక. కొత్త పూత పాతదాన్ని కొద్దిగా కరిగించుకుని అందులో కలిసిపోతుంది. త్వరగా పని తెమిలిపోతుందని స్ప్రే గన్నుతో కొట్టే పాలీయురిథేన్ పూత గట్టిదే, నీటికి చెక్కుచెదరదు. అయితే ఒకచోట పెచ్చు లేస్తే కొత్త పూత దానితో కలవదు, ఆ భాగమంతా గీకి మళ్లీ మొదలుపెట్టాలి. రెండు మూడు తరాలు వాయించుకోవాల్సిన వీణకు లక్కే తగినది.