త్రైరాశికము - బాలబోధ

9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును 11వ శతాబ్దిలో పావులూరి మల్లన తెనిగించెను. అందలి త్రైరాశిక విధి సుప్రసిద్ధము: ఫలమును ఇచ్ఛచే గుణించి ప్రమాణముచే భాగింపవలెను. విధి సులభమే, కాని నిష్పత్తిభావమును అదియొక్కటియే పుట్టింపజాలదు.

ఇడ్డెనలకు మినపప్పు 1 పాలు, రవ్వ 2 పాళ్లు. పప్పు 2 పాళ్లయినచో రవ్వ యెంత యని చూలైలోని మన తెలుగు పిల్లల నడిగితిని. పెక్కురు 3 అనిరి. ఒకచోట ఒకటి పెరిగిన రెండవచోటను ఒకటియే పెరుగునని వారి తలంపు. ప్రతి పప్పుగిన్నె ప్రక్కను రెండేసి రవ్వగిన్నెలు పెట్టింపగా, 4 అని వారే గ్రహించిరి.

ఇంట వినెడి 'పాలు' అను మాటయే నిష్పత్తికి తొలిమెట్టు. తమిళనాట మన పిల్లలు దానిని మరువకమునుపే గిన్నెతో భావమును, పిదప మల్లన విధిని నేర్పుట యుక్తము.