బాకీ అడిగినవాడు, చెయ్యి చాచినవాడు

రాజభవనంలో ఒక గది. ద్వంద్వయుద్ధంలో అందరిముందూ చావుదెబ్బలు తిన్న కుర్రాడు, ఎదురుగా వెండిజుట్టు అమ్మాయి. ఇదంతా నీకోసమే చేశానంటాడు అతను. కాదు, నీకోసమే చేసుకున్నావంటుంది ఆమె. అసలు నాకు ఎందుకింత సాయం చేస్తున్నావని అడుగుతుంది. అతని దగ్గర జవాబుంది, చెప్పే వీల్లేదు. నోరు తెరిస్తే చాలు, ఎవరికీ కనిపించని నల్లటి చెయ్యి వచ్చి గుండెను పిసికేస్తుంది. చెప్పలేనితనం కోపమవుతుంది. చివరికి, నేను లేకపోతే నువ్వు బతికేదానివే కాదు, నువ్వు నాకెంతో బాకీ ఉన్నావు అనేదాకా వస్తాడు. ఆమె వాదించదు. బాకీ ఒప్పుకుంటుంది, తీర్చేస్తానంటుంది, ఇక్కడితో చాలంటుంది. వెళ్ళిపోతుంది.

‘రీ:జీరో’ మొదటి సీజన్ 13వ ఎపిసోడ్ ఇది. మొదటిసారి చూసినప్పుడు ఇక్కడే టీవీ కట్టేశాను. సన్నివేశం బాగాలేక కాదు. ఆ గొంతు బాగా తెలిసినది కావడం వల్ల. ‘నీకోసం ఇంత చేస్తే...’ అని మొదలయ్యే వాక్యం వినకుండా పెరిగినవాళ్ళు మన ఇళ్ళలో ఎంతమంది ఉంటారు? రాక్షసులూ మంత్రాలూ ఉన్న జపనీస్ కార్టూన్‌లో అది ఎదురవుతుందని అనుకోలేదు, అంతే.

నాగత్సుకి తప్పేయ్ ఈ కథను 2012లో ఇంటర్నెట్‌లో సీరియల్‌గా మొదలుపెట్టారు. 2014 నుంచి పుస్తకాలుగా వస్తోంది. 2016లో వైట్ ఫాక్స్ స్టూడియో, వతనబే మసహారు దర్శకత్వంలో 25 ఎపిసోడ్ల యానిమేగా తీసింది. బడి మానేసి ఇంట్లోనే కూర్చున్న నత్సుకి సుబారు, ఓ రాత్రి దుకాణంలో చిరుతిళ్ళు కొనుక్కుని బయటికొచ్చి, ఆ సంచీతో సహా వేరే లోకంలో పడతాడు. ఇలాంటి కథల్లో హీరోకు మామూలుగా గొప్ప బలమో, ఆయుధమో దక్కుతుంది. ఇతనికి దక్కింది ఒక్కటే: చచ్చిపోతే కాలం కొంత వెనక్కి వెళ్తుంది.

ఆ వరంలో ఉన్న మెలిక చూడండి. కాలం వెనక్కి వెళ్తే అందరూ అన్నీ మర్చిపోతారు, అతను తప్ప. ఒక అమ్మాయిని కాపాడటానికి నాలుగుసార్లు చచ్చాడనుకుందాం. ఆ నాలుగు చావులూ అతనికి మాత్రమే జరిగాయి. ఆమెతో కలిసి నవ్విన రోజులు కూడా అతని దగ్గరే మిగిలిపోయాయి. అప్పు పత్రం ఉంది, దాని మీద రెండో సంతకం లేదు. సుబారు 13వ ఎపిసోడ్‌లో వసూలు చేయబోయింది ఆ పత్రాన్నే. ఒకరిమీద పూర్తిగా ఆనుకుని బతికే మనిషి మనసులో లెక్క ఎలా రాసుకుంటాడో చూపించడానికి, కాలంతో ఆడే ఆటను ఇంత పనికొచ్చేలా వాడుకున్న కథ మరొకటి నాకు తెలీదు.

ఇక 18వ ఎపిసోడ్. ఈ సిరీస్ పేరెత్తితే అభిమానులు ముందు చెప్పేది దీని గురించే. అందులో జరిగేది దాదాపు ఏమీ లేదు. రాజధాని అంతా కిందికి కనిపించే ఎత్తయిన చోట ఇద్దరు నిలబడి మాట్లాడుకుంటారు. కత్తి లేదు, మంత్రం లేదు. బొమ్మలు గీసేవాళ్ళకు ఇంతకంటే కష్టమైన పని ఉండదు, ఎందుకంటే కదలిక లేని చోట కన్ను తప్పులే వెతుకుతుంది.

వరసగా ఓడి, చచ్చి, మళ్ళీ వచ్చిన సుబారు, పనిమనిషి రెమ్‌ను పారిపోదాం రమ్మంటాడు. పడమటి దేశం కరరాగికి వెళ్ళి బతుకుదామంటాడు. రెమ్‌కు అతనంటే ప్రాణం. ఆమె వెంటనే కాదనదు. ఆ బతుకును ఊహించడం మొదలుపెడుతుంది. ఇల్లు, సంపాదన, పిల్లలు, ముసలితనం, చివరికి అతని చేతిలో చెయ్యి పెట్టి కన్నుమూయడం దాకా. అడిగినవాడి కల పారిపోవడం వరకే, ఆమె కల మాత్రం ఒక జీవితమంత. పనితనం ఇక్కడుంది: ఆ కలను అంత నిండుగా కట్టాకే ఆమె వద్దంటుంది. ఏం వదులుకుంటోందో మనకు చూపించి మరీ వదులుకుంటుంది. ముందే కాదనేసి ఉంటే అది ఉపదేశమయ్యేది. చివర్న కాదన్నది కాబట్టి ఖర్చు తెలుస్తుంది.

తర్వాత సుబారు వంతు. తనను తాను తిట్టుకోవడం మొదలుపెడతాడు. తనకు ఏ శక్తీ లేదని, కావలసినంత తీరిక ఉండీ ఏనాడూ ఏమీ చేయలేదని, కష్టపడ్డట్టు కనిపించడమే తప్ప కష్టపడింది లేదని. కొబయాషి యూసుకే గొంతు ఇక్కడ ఏడుపు దగ్గర ఆగదు, ఏవగింపు దాకా పోతుంది. రెమ్‌గా మినసే ఇనొరి దాన్ని ఖండిస్తూ గొంతు పెంచదు. అతను అప్పుల పద్దు చదివితే, ఆమె జమల పద్దు నెమ్మదిగా చదువుతుంది. నీకు తెలియని నువ్వు నాకు తెలుసంటుంది. చివరికి అతను తాను ప్రేమిస్తున్నది ఆ వెండిజుట్టు అమ్మాయి ఎమీలియానని చెబుతాడు. ఆ మాట ఎవరితో చెప్పాడో ఆ మనిషినే, నాకు సాయం చెయ్యమని అడుగుతాడు. ఆమె తడికళ్ళతో నవ్వుతుంది. ఎపిసోడ్ ముగింపు పాట కూడా రెమ్ గొంతులోనే వస్తుంది.

ఒప్పుకోవాల్సిన లోటు ఒకటుంది. రెమ్ కూడా ఆనుకునే మనిషే. కవల అక్క రామ్‌కు తానొక నాసిరకం బదులని నమ్ముతూ పెరిగింది. ఆ నమ్మకం నుంచి లాగినవాణ్ణి హీరోను చేసుకుంది. అక్క స్థానంలో అతను వచ్చాడు, ఆనుకోవడం పోలేదు. మొదటి సీజన్ దీన్ని పెద్దగా పట్టించుకోదు. పైగా ఆమె భక్తిని ముద్దుగా చూపిస్తుంది. నాకు అది ఇప్పటికీ కొంచెం గుచ్చుకుంటుంది.

కానీ కథకుడు ఆ ఊతాన్ని అక్కడే ఉంచేయలేదు. 2020లో వచ్చిన రెండో సీజన్ మొదట్లోనే రెమ్ పేరునూ జ్ఞాపకాలనూ ఒక దుర్మార్గుడు తినేస్తాడు. ఆమె లేవని నిద్రలో ఉంటుంది. సుబారుకు తప్ప ఎవరికీ ఆమె గుర్తులేదు. ప్రేక్షకులు ఎవరి బొమ్మలు కొనుక్కుని అలమరాల్లో పెట్టుకున్నారో ఆ పాత్రనే మంచానికి పరిమితం చేయడానికి తెగింపు కావాలి.

అసలు దెబ్బ ఆ తర్వాత. ఒక సమాధిలోపలి పరీక్షలో సుబారుకు తన చావుల తర్వాత మిగిలినవాళ్ళు ఎలా విలపించారో కనిపిస్తుంది. నలిగిపోయిన ఆ క్షణాన రెమ్ వస్తుంది. చాలా చేశావు, ఇక చాలు, మిగతాది నాకొదిలేయ్ అన్నట్టు మాట్లాడుతుంది. అదే ముఖం, అదే మెత్తని గొంతు. మనం కూడా హమ్మయ్య అనుకుంటాం. సుబారు మాత్రం పోల్చుకుంటాడు: ఈమె రెమ్ కాదు. రెమ్ అయితే ఆగిపోనివ్వదు. సుబారుపట్ల అందరికంటే కఠినంగా ఉండే మనిషి ఆమె. నిజానికి అది కార్మిలా అనే మంత్రగత్తె. నాలుగేళ్ళ క్రితం 18వ ఎపిసోడ్‌లో పోసిన పునాది దేనికో ఇక్కడ తెలుస్తుంది. ఓదార్పుకీ ఆసరాకీ ఉన్న తేడాను ఒక్క సంభాషణలో చెప్పొచ్చు. వీళ్ళు రెండు సీజన్ల దూరంలో, ఒకే ముఖంతో చెప్పారు.

ఎమీలియాతో తగువు కూడా ఇలాగే తిరిగొస్తుంది. తండ్రిలా కాచుకున్న భూతం పక్ ఒప్పందం తెంచుకుని వెళ్ళిపోయాక ఆమె కూలబడిపోతుంది. సుబారు ఈసారి దేవతను చేసి మాట్లాడడు. నీతో వేగడం కష్టమని ముఖానే అంటాడు, అయినా ఇష్టమంటాడు. మొదటి తగువులో ఆమె కోరుకున్నది మామూలు మనిషిగా చూడమనే కదా.

అదే సమాధిలో మరో పరీక్ష ఉంది. సుబారు తన సొంత ఇంట్లో నిద్రలేస్తాడు. తల్లిదండ్రులు నిజం కాదు, అతని జ్ఞాపకంలోంచి అల్లినవాళ్ళు. నలుగురికీ నచ్చే తండ్రికి కొడుకునన్న బరువే తనను మూల కూర్చోబెట్టిందని ఒప్పుకుని, ఏడ్చి, బయల్దేరతాడు. వీధిలో తల్లి సాగనంపుతుంది. జపనీయులు ఇల్లు వదిలేటప్పుడు చెప్పేమాట ‘ఇత్తెకిమాస్’. వెళ్తాను అని కాదు, వెళ్ళి వస్తాను అని. ఇంట్లో ఉన్నవాళ్ళు ‘ఇత్తెరష్షై’ అంటారు, వెళ్ళిరా అని. ఇంగ్లీషు సబ్‌టైటిల్ దగ్గర ఈ మాట బక్కచిక్కిపోతుంది. మనకు ఆ బాధ లేదు. వెళ్తాను అంటే ‘వెళ్ళొస్తాను అనాలిరా’ అని దిద్దే పెద్దవాళ్ళ మధ్య పెరిగినవాళ్ళం. దుకాణం నుంచి మాయమైన కుర్రాడు ఎవరికీ చెప్పకుండా వెళ్ళాడు. ఇప్పుడు చెబుతున్నాడు, తిరిగి రాలేనని తెలిసి. ఆ మాటలో ‘వస్తాను’ అన్న సగం అబద్ధం. తెలుగు చెవికి ఆ సగమే గట్టిగా వినిపిస్తుంది.

రెండో సీజన్ చివర్లో ఒక భవనం తగలబడుతుంటుంది. లోపలి గ్రంథాలయంలో నిచ్చెన మీద బియాట్రిస్ కూర్చుని ఉంది. చూడటానికి చిన్నపిల్ల. ఎవరో ‘ఆ మనిషి’ వస్తాడని చెబితే నాలుగు వందల ఏళ్ళుగా ఎదురుచూస్తోంది. చేతిలో ఉన్న జోస్యాల పుస్తకంలో అన్నీ ఖాళీ పేజీలే. నువ్వేనా ఆ మనిషివి అని అడుగుతుంది. అవునంటే సరిపోయేది. కాదంటాడు సుబారు. నీలా ఎప్పటికీ బతకలేనని కూడా చెబుతాడు. కాపాడతాననడు, ఇంత చేశాననడు. నువ్వు లేకపోతే ఒంటరితనంతో బతకలేని నన్ను కాపాడమని అడుగుతాడు. చుట్టూ మంటలు, నిచ్చెన కింద నిలబడి పైకి చెయ్యి చాచి ఉన్నాడు. పట్టుకుంటుందో లేదో అతనికి తెలీదు.